నీటికాసులు

ఇరవై ఆరేళ్లు ఇరవైతొమ్మిది-సి లో కండక్టర్ని.
పెరంబూరు నుంచి బెసెంట్ నగర్, మళ్లీ పెరంబూరు.
టికెట్టు కొననివాడు ఎప్పుడూ ఎదురుగా నిలబడడు,
కిటికీలోంచి చూస్తుంటాడు,
బయట చూడ్డానికి ఏమీ లేకపోయినా.
వాణ్ణి పట్టేది సూటిచూపు కాదు,
కంటి కొస.
నా ఉద్యోగమంతా ఆ కొసలోనే ఉండేది.

మొదట పోయింది అదే.

చీకటి పడితే తెలిసేది, నల్లమచ్చ కమ్మితే తెలిసేది.
ఇది అలా రాలేదు.
ఒక కన్ను వదిలేసింది రెండోది భర్తీ చేసిందట,
డిపోలో చెప్పకుండా
డ్యూటీ సర్దుకునే ఇద్దరు స్నేహితుల్లా.

కాఫీ గ్లాసుని రెండుసార్లు తన్నేసింది ఎడమచెయ్యి.
పురసవాక్కం దగ్గర ఒక కాలేజీ కుర్రాడు
"మూడు స్టాపుల్నించీ చెయ్యి చాపే ఉన్నాను సార్" అన్నాడు,
చేతిలో ఇరవై నోటు, నా ఎడమపక్క.
వెటకారమనుకుని తిట్టాను.
వాడి మొహం గుర్తులేదు. నోటు గుర్తుంది.

అద్దాలు మార్పిద్దామని ఎగ్మూరు ఆసుపత్రికి పోయాను.
గోడమీది అక్షరాలు చివరి వరుసదాకా గడగడా చదివి
శభాష్ అంటారేమోనని చూశాను.
డాక్టరమ్మ ఏమీ అనలేదు.
కంటి వెనక నరాన్ని చాలాసేపు చూసింది.

తెల్లటి గిన్నెలాంటి దాంట్లో తల పెట్టించింది
ఎస్తేర్ అనే పిల్ల.
"నడిమి చుక్కను వదలొద్దు తాతా,
ఎక్కడ మిణుకుమన్నా బటన్ నొక్కు."
నొక్కాను. నొక్కాను.
తర్వాత ఎంతసేపటికీ ఏమీ రాలేదు.
"మిషన్ ఆగిపోయిందేమో అమ్మా" అన్నాను.
"లేదు తాతా,
వెలుగుతూనే ఉన్నాయి."

మా అవ్వ దీన్నే నీటికాసులు అనేది.
చివరి పదేళ్లు గోడ తడుముకుంటూ నడిచింది,
ముసలితనంలే అనుకున్నాం అందరం.

కాసులంటే నాకు తెలుసు.
తోలుసంచీలో చిల్లర తక్కువైతే
సాయంత్రం జేబులోంచి కట్టి ఇంటికి పోవచ్చు.
ఈ లెక్క వేరు.
కంట్లో నీరు ఊరుతూనే ఉంటుంది,
పోయే దారి పూడితే బిగుసుకుంటుంది,
ఆ బిగువుకి నరం పోగు వెంట పోగు చస్తుంది.
చచ్చిన పోగుని ఏ డిపోలో ఎంత కట్టినా
తిరిగివ్వరు.

రాత్రి తొమ్మిదిన్నరకి కంటికో చుక్క.
కింది రెప్ప లాగి, వేసి, మూసి,
ముక్కుపక్క మూలని వేలితో అదిమి
రెండు నిమిషాలు.
కనకవల్లి సీరియల్ గొంతు తగ్గిస్తుంది ఆ కాసేపు,
ఎందుకో.

చుక్క వేస్తే కొత్తగా ఏమీ కనిపించదు.
అదే కష్టం.
తలనొప్పి మాత్రైతే పనిచేశానని చెబుతుంది.
ఇది చెప్పదు.
చెప్పకపోతేనే పనిచేస్తున్నట్టు, అంది డాక్టరమ్మ.
నమ్మడం అలవాటు చేసుకుంటున్నాను.
ఒక నెల మానేశాను, ఒప్పుకుంటాను.
ఆ నెల ఎంత పోయిందో
నాకు తెలిసే వీల్లేదు.

తమ్ముడు చెంగల్రాయుడు మాధవరంలో లారీ తోలతాడు.
"నాకు బాగానే కనిపిస్తోంది గదన్నా!"
నాకూ బాగానే కనిపించేదిరా.
తోడబుట్టినవాళ్లంతా రావాలంటున్నారని మూడుసార్లు చెప్పాను,
నాలుగోసారి అవ్వ పేరెత్తాను.
సోమవారం పొద్దున వచ్చాడు,
ఉతికిన చొక్కా, దువ్విన తల,
పెళ్లిచూపులకి వచ్చినట్టు.

బస్సులో కిటికీ పక్కన నన్ను కూర్చోమన్నాడు.
వద్దన్నాను.
నా కుడివైపు ఉండు.

ఇప్పుడు వాడు లోపల ఉన్నాడు, గిన్నెలో తల పెట్టి.
నేను తలుపు బయట బల్లమీద
బటన్ చప్పుళ్లు లెక్కపెడుతున్నాను.
టక్.
టక్, టక్.
టక్.

ఈ సందు కొంచెం ఎక్కువైందా?